తీగపాకం

మెడికల్ కాలేజీలో రెండో అంతస్తు చివరి గది సూక్ష్మజీవుల ల్యాబు. అక్కడి ఫ్రిజ్ తెరిస్తే సరుకు రెండు రకాలుగా సర్ది ఉంటుంది. పై అరలో కంపెనీల దగ్గర కొని తెప్పించిన బాక్టీరియా, కింది అరలో వార్డుల్లోని రోగుల నుంచి తీసి పెంచుకున్న బాక్టీరియా. పైదాన్ని బజారు సరుకనీ, కిందిదాన్ని వార్డు సరుకనీ అంటారు. ఈ రెండిట్లోనూ చేరనిది ఇంకొకటుంది. ఫ్రిజ్ తలుపుకి గుడ్లు పెట్టుకునే గుంటలుంటాయి కదా, వాటిలో ఒకదాంట్లో దూది బిరడా పెట్టిన గాజు గొట్టం ఒంటరిగా నిలబడి ఉంటుంది. దాని పేరు ఇంటి సరుకు.

ఎవరింటిదని కొత్తగా చేరినవాళ్ళు అడగరు. అడగాలని తోచేలోపే ఆ మాట వాళ్ళ నోటికీ అలవాటైపోతుంది.

ఆ ఇల్లు మేడంగారిది. ల్యాబుకి పెద్ద ఆవిడే, పిల్లలకి పాఠం చెప్పేదీ ఆవిడే. పుట్టింది కొట్టు వెనకింట్లో, మెట్టింది పంచదార, బెల్లం టోకుగా అమ్మే ఇంట్లో. అందుకని దేన్నైనా తూచి చూడందే ఆవిడకి మింగుడుపడదు. కొత్త బ్యాచి వచ్చిన రోజున బల్లకి చేరగిలబడి మొదలుపెట్టే మాటలు ఎప్పుడూ అవే.

"జ్వరంతో వచ్చినవాడు మనకి ఖాతాదారు. అతను తెచ్చేది ఓ చుక్క రక్తం, ఓ చుక్క చీము. అందులో ఏ పురుగుందో, అది ఏ మందుకి లొంగుతుందో చెప్పి పంపడం మన బేరం. తూకం తప్పామా, మళ్ళీ రాడు. అలిగి కాదు. రావడానికి ఉండడు."

పిల్లలు నవ్వబోయి ఆగిపోయేవారు. ఆ వెనక, ఆవిడకి వినపడదనుకుని, అగార్ అత్తయ్య అని పేరు పెట్టుకునేవారు. ప్లేట్లలో బాక్టీరియాకి వేసే మేతని గడ్డకట్టించేది అగార్. ఆ గదిలో దాని వాసన అందరి బట్టలకీ పట్టేది, ఆవిడ బట్టలకి ఇంకాస్త ఎక్కువ.

అత్తయ్య ఉన్నాక మామయ్య ఉండాలి కదా. ఉండేవాడు. సాయంత్రాలు కొట్టు మూసి, ఆవిడని ఇంటికి తీసుకెళ్ళడానికి స్కూటరు మీద వచ్చి, ల్యాబు గుమ్మం దగ్గర స్టూలు లాక్కుని కూర్చునేవాడు. లోపలికి రమ్మంటే వచ్చేవాడు కాదు.

"వద్దులే. మీ పురుగులు నన్ను చూసి ఆకలి తెచ్చుకుంటాయి," అనేవాడు.

ఆ మాటలో నిజం లేకపోలేదు. ఏ బాక్టీరియా ఏ చక్కెర తింటుందో చూసే చాలావాటిని గుర్తుపడతారు. రకరకాల చక్కెరలు నీళ్ళలో కలిపి గొట్టాల్లో పెట్టి, రంగు మారిందా లేదా అని చూస్తారు. ఆయన ఆ గొట్టాలని దూరం నుంచే చూసి పిల్లలతో అనేవాడు, "నేనూ అంతేనర్రా. ఎవరు ఏ రకం పట్టుకెళ్తారో చూసి ఇంటిపేరు చెప్పేస్తా. కాకపోతే నా దగ్గరికొచ్చేవాళ్ళు రంగు మార్చరు, మాట మారుస్తారు."

వాళ్ళు ఆయన్ని చక్కెర మామయ్య అనేవారు. ఆయనకి చక్కెర జబ్బు కూడా ఉండేది. కొట్లో నిల్వ చాలక ఒంట్లో దాచుకున్నానని ఆయనే చెప్పి ఆయనే నవ్వేవాడు.

ఆ నవ్వు ఓ వానాకాలంలో ఆగింది. చలి, జ్వరం, కుడి డొక్కలో పోటు. స్కాను తీస్తే కాలేయంలో చీము గడ్డ. సూదితో లాగిన చీము పొద్దున్నే మేడం బల్ల మీదికి వచ్చింది. చీటీ మీద పేరు చూసి కూడా, ఇంకొకరికి ఇవ్వడానికి ఆవిడకి చేతులు రాలేదు. తనే ప్లేటు మీద గీసి, తనే ఇంక్యుబేటర్లో పెట్టింది.

మర్నాడు మూత తీస్తే ప్లేటంతా ఉబ్బెత్తు చుక్కలు. పొయ్యి మీంచి చిందిన పాకంలాగా తడితడిగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. చూడగానే అనుమానం వచ్చింది. ఆ జాతిలో సాధువులున్నారు, ఘాతుకులున్నారు. తేడా పట్టడానికి ఓ చిన్న పరీక్ష ఉంది. తీగ చివర ఉంగరంలా వంచిన లూపుని చుక్కకి ఆనించి మెల్లిగా పైకెత్తాలి. జిగురు తీగలా సాగి, అర సెంటీమీటరు దాటితే అది ఘాతుకుల కోవ. ఆవిడ ఆనించి ఎత్తింది. తీగ లేచింది. ట్యూబులైటు కింద మెరుస్తూ లేచింది, తెగలేదు. ఇంకా ఎత్తింది, ఇంకా వచ్చింది. బెత్తెడు.

"ఇలా రా, ఇలా రా. ఎంత బాగా సాగిందో చూడు," అని టెక్నీషియన్ని కేకేసింది. ఆ అమ్మాయి పరిగెత్తుకొచ్చి చూసి, మేడం మొహంలోకి చూసింది. అప్పుడు గుర్తొచ్చింది అది ఎవరిదో.

ఆ సంబరానికీ ఆ గుర్తుకీ మధ్య రెప్పపాటు ఉంటుందేమో. ఆ రెప్పపాటులో ఆవిడ ఇన్నేళ్ళూ ఇరుక్కుపోయే ఉంది.

వార్డుకి వెళ్ళింది. ఆయన దిండుకి ఆనుకుని ఉన్నాడు. కళ్ళు పచ్చగా ఉన్నాయి.

"ఏం తేల్చావోయ్ డాక్టరూ?"

"తీగ వచ్చింది."

"తీగపాకమా?" ఆయన మొహం విప్పారింది. చిన్నప్పటి నుంచీ బెల్లం బట్టీల దగ్గర తిరిగినవాడు. "ఎంత సాగిందేం?"

ఆవిడ నాలుగు వేళ్ళు చూపించింది.

"బెత్తెడే! మంచి సరుకు. మరి ఎవరింటిదనుకున్నావ్?"

"ఊరుకోండి."

"ఊరుకోవడం కాదు. ఇంటి సరుకు పారబొయ్యకు. దాచిపెట్టు, మీ పిల్లలకి పనికొస్తుంది. నాలోంచి ఏం తీసినా కాస్తంత లాభం ఉండాలి."

మందులు పని చేసినట్టే చేశాయి. తర్వాత అది కంటికి పాకింది, అక్కడి నుంచి మెదడుకి. ఆ తర్వాత ఆయనతో మాట్లాడేందుకు ఏమీ మిగల్లేదు.

మిగిలింది గాజు గొట్టం.

కల్చర్‌ని బతికించడం పెద్ద విద్యేం కాదు. గొట్టంలో మేత ఎండిపోకముందే లూపుని మంటలో కాల్చి, చల్లార్చి, పాతదాన్ని తాకి, కొత్త గొట్టంలో గీయాలి. నెలకోసారి చేస్తే చాలు. ఆ పని మేడం ఇంకెవరినీ చెయ్యనిచ్చేది కాదు. ఆ రోజు తల నున్నగా దువ్వుకుని, ఇస్త్రీ బట్టలు కట్టుకొచ్చేది. టెక్నీషియన్ కనిపెట్టింది గానీ ఎవరితోనూ అనలేదు.

అప్పట్లో కొత్తగా చేరిన కుర్ర డాక్టరు ఒకతను మంచి మాటే చెప్పాడు. "మేడం, కాస్త గ్లిజరిన్‌లో కలిపి గడ్డకట్టించే చలిపెట్టెలో పడేద్దామండి. ఏళ్ళు గడిచినా ఉన్నది ఉన్నట్టు ఉంటుంది. మీకీ శ్రమ తప్పుతుంది."

"వద్దు బాబూ. నిద్రపోయేదాన్ని నేనేం చేసుకోను?" అంది మేడం. అతను నవ్వులాట అనుకున్నాడు.

ఇన్నేళ్ళలో ఆవిడ ఒక పని మాత్రం చెయ్యలేదు. మళ్ళీ తీగ లాగి చూడలేదు. మేత ఏటవాలుగా గడ్డకట్టిన గొట్టంలో ఆ పరీక్ష కుదరదు, ప్లేటు కావాలి. ప్లేటు వేసుకోవడం ఆవిడకి చిటికెలో పని. కానీ వేసుకోలేదు. గోడౌన్లో నిల్వ ఉందన్న ధైర్యంతో వ్యాపారి బజార్లో ఛాతీ విరుచుకుని తిరుగుతాడు చూడండి, అలా తిరిగింది. కావాలనుకున్న రోజున లాగొచ్చు. లాగితే బెత్తెడు వస్తుంది. ఆ రోజు ఇవాళే కానక్కర్లేదు.

తను లాగకపోయినా పిల్లలు లాగేవారు. ఏటా ప్రాక్టికల్ పరీక్షలో ఆవిడ ఆ సరుకుని ఒక కేసుగా పెట్టేది. చీటీ మీద నాలుగు ముక్కలు రాసేది: నడివయసు దాటిన షావుకారు, చాలా ఏళ్ళుగా షుగరు, చలి జ్వరం, కుడి డొక్కలో నొప్పి. పక్కన టెక్నీషియన్ వేసి ఉంచిన ప్లేటు. స్లైడు చేసి, రంగువేసి, పరీక్షలు చేసి, ఏ పురుగో, ఎంత ప్రమాదమో, ఏం మందివ్వాలో రాయాలి. ఆవిడ గదికి ఆ చివర కుర్చీలో కూర్చుని ఉండేది. కాగితాలు వచ్చాక తిరగేసేది. 'తీగ సాగింది' అని ఒకళ్ళు గుండ్రంగా, ఒకళ్ళు కోడిగీతల్లో రాసేవారు. దూరాన ఉన్నవాళ్ళు కులాసా అని ఏడాదికోసారి కబురొచ్చినట్టుండేది. ఆ కబురు మళ్ళీ పరీక్షల దాకా సరిపోయేది.

పిల్లలకీ ఓ మార్కెట్ ఉంటుంది. సీనియర్ల దగ్గర జూనియర్లు కొనుక్కునే మాటలు కొన్నుంటాయి. వాటిలో బాగా చెల్లే మాట ఇది: "షావుకారు కేసు వచ్చిందా, తీగ రాసెయ్. లాగక్కర్లా. టైం దండగ." ఆ మాట ఆవిడ దాకా రాలేదు. కొట్టు యజమానికి ఆఖర్న తెలిసే సంగతులు కొన్నుంటాయి.

ఈ ఏడు ఆ కేసు కొలబద్దకి కూడా వచ్చింది.

కొలబద్ద అంటే పోయినసారి ఈ పరీక్ష తప్పిన అమ్మాయి. కోటు జేబులో ఎప్పుడూ ఓ చిన్న ప్లాస్టిక్ స్కేలు ఉండేది కాబట్టి ఆ పేరు. మందుబిళ్ళ చుట్టూ పురుగు పెరగని జాగా ఎంతుందో అందరూ కంటితో చూసి రాస్తే, ఆ పిల్ల నిలువూ అడ్డం కొలిచి రాసేది. కొలిచి కొలిచి, గంట కొట్టే వేళకి సగం కాగితం తెల్లగా మిగిలేది. పోయినసారి తప్పింది అందుకే. ఇప్పుడూ తప్పితే తోటివాళ్ళంతా తెల్లకోట్లు ఊపుకుంటూ వార్డులకి వెళ్ళిపోతారు, తను కొత్తగా వచ్చినవాళ్ళ పక్కన కూర్చుని మళ్ళీ అగార్ కలుపుకోవాలి.

వేరే కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరు, వయసు మళ్ళిన డాక్టరు, మేడం పక్కనే కూర్చుని టీ తాగుతున్నాడు. ముందు ఫస్టు మార్కుల అబ్బాయి వచ్చాడు.

"తీగ ఎంత సాగింది?" అంది మేడం.

"బెత్తెడు, మేడం."

ఆవిడకి లోపల ఎక్కడో వెచ్చగా తగిలింది. నిండా మార్కులు వేసింది. తర్వాత కొలబద్ద వచ్చి నిలబడింది. కాగితంలో పురుగు పేరు సరిగ్గానే ఉంది. కింద, 'తీగ రాలేదు. వేరువేరు చుక్కల మీద లాగాను. కొలవడానికి ఏమీ లేదు' అని ఉంది. మేడం ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేసింది.

"తీగ ఏదమ్మా?"

"రాలేదండి."

"లాగడం చేతకాలేదను."

"లాగానండి."

"మెల్లిగా లాగాలి. నువ్వు బావిలో చేద లాగినట్టు లాగుంటావు."

"మెల్లిగానే లాగానండి. మెల్లి అనే కదండీ పోయినసారి నన్ను తప్పించారు."

ఎగ్జామినరుకి టీ పొలమారింది. మేడం నవ్వలేదు.

"ఇందరికి వచ్చింది నీకొక్కదానికే రాలేదంటే ఏమనుకోవాలి?"

ఆ పిల్ల తల తిప్పి తోటివాళ్ళ వంక చూసింది. వాళ్ళు బూట్ల వంక చూసుకుంటున్నారు.

"వాళ్ళకి వచ్చిందో లేదో నాకు తెలీదండి. నేను నా ప్లేటే చూశాను."

"మేడంగారూ, ప్లేటు ఇక్కడే ఉంది కదా. ఓసారి లాగి చూస్తే పోలా?" అన్నాడు ఎగ్జామినరు.

"అక్కర్లేదండి. ఈ సరుకు సంగతి నాకు తెలుసు."

అంతటితో కేసు తప్పు, కేసు తప్పితే పరీక్ష తప్పినట్టే. మార్కుల మీద ఇద్దరూ సంతకాలు పెట్టేది మర్నాడు. కొలబద్ద స్కేలు జేబులో పెట్టుకుని, కుర్చీని చప్పుడు చెయ్యకుండా వెనక్కి జరిపి వెళ్ళిపోయింది. ఏడ్చి ఉంటే మేడంకి కాస్త తేలిగ్గా ఉండేది.

సాయంత్రం ఇంటికి పోబుద్ధి కాక కొట్టుకి వెళ్ళింది. ఆయన తర్వాత కొట్టు చూస్తున్నది ఆడపడుచు. పెద్ద గొంతు, దిట్టమైన చెయ్యి. గోడౌన్లో పంచదార బస్తాల మధ్య, బస్తాలో గుచ్చి లోపలి సరుకు తీసే ఇనప గొట్టం పట్టుకుని ఉంది.

"రా వదినా. కాలెక్కడ పెడతావో చూసుకో, చీమలకి ఇవాళ పెళ్ళి భోజనం. ఏంటి మొహం అలా ఉంది?"

మేడం ఖాళీ గోనెల మీద చతికిలబడింది. ఓ అమ్మాయి పొగరు గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఆడపడుచు ఒక్కో బస్తాలో గుచ్చుతూ, గుప్పెట్లోకి పంచదార ఒంపుకుని పట్టి చూస్తూ, వింది.

"మరి నువ్వు గుచ్చి చూశావా?"

"అక్కర్లేదని చెప్తున్నాగా. అది నేను స్వయంగా..."

"స్వయంగా దించుకున్న సరుకైతే? మా అన్నయ్య కళ్ళెదుట దింపించిన బస్తాలని కూడా వారంవారం గుచ్చేవాడు. నమ్మకం లేక కాదు వదినా. వాన పడుతుంది కదా." గుప్పిట విప్పి చూపించింది. పంచదార ముద్దకట్టి ఉంది. "ఇదిగో, చూడు. పైన కుట్టు కుట్టినట్టే ఉంది. ఇంతకీ ఏం సరుకు అది?"

మేడం గోనె పోగులు పీకింది.

"మీ అన్నయ్యలోంచి తీసింది."

ఇనప గొట్టం బస్తాలో ఆగిపోయింది.

"అన్నయ్యలోంచా? ఆ గడ్డలోదా? బతికే ఉందా?"

"ఉంది."

"ఇన్నేళ్ళ నుంచీనా? నాకొక్క మాట చెప్పలేదే."

"ఏమని చెప్పను? మీ అన్నయ్యని చంపినదాన్ని మేపుతున్నాననా?"

ఆడపడుచు గొట్టం లాగి, కొంగుతో తుడిచి, మళ్ళీ తుడిచింది. ఆవిడ గొంతు తగ్గడం మేడం ఎప్పుడూ వినలేదు. "చంపిందే. అయినా అన్నయ్యని లోపలినుంచి చూసింది అదొక్కటే కదా వదినా. నేనోసారి చూడొచ్చా?"

"చూడ్డానికేముంది? గాజు మీద బూడిదరంగు మరక."

"మరకే చూస్తా."

మేడం లేచి బట్టలకంటిన పంచదార దులుపుకుంది. ఆడపడుచు వెనక నుంచి, "ముందు నువ్వు గుచ్చి చూడు. లోపలేముందో తెలీకుండా కొట్టు తెరిచి కూచోకు," అంది.

మర్నాడు ల్యాబులో, పరీక్షలో వాడిన ప్లేట్లన్నీ ఆవిరిపెట్టెలోకి వెళ్ళడానికి బుట్టలో దొంతరగా ఉన్నాయి. మేడం బుట్ట ఆపించింది. షావుకారు కేసు ప్లేట్లన్నీ ఏరి బల్ల మీద వరసగా పరిపించింది. మెట్ల మీద కూర్చున్న కొలబద్దని పిలిపించింది.

"స్కేలు తెచ్చావా?"

"ఎప్పుడూ ఉంటుందండి."

"పట్టుకో."

బర్నరు వెలిగించింది. లూపు ఎర్రగా కాల్చి, చల్లారనిచ్చి, మొదటి ప్లేటు మూత తీసింది. చుక్కలు ఉబ్బుగానే ఉన్నాయి గానీ ఆ నిగనిగ లేదు. ఆవిడ కంటికి అది అప్పుడే తెలిసింది, చేతికి ఇంకా తెలియలేదు. లూపు ఆనించింది. మెల్లిగా ఎత్తింది.

లూపు పైకి వచ్చింది. చుక్క కిందే ఉండిపోయింది. వెన్న మీంచి చెంచా తీసినట్టు.

ఇంకో చుక్క. ఇంకో ప్లేటు. ఫస్టు మార్కుల అబ్బాయి ప్లేటు మూత తీస్తే, స్లైడు కోసం గీరిన ఒక చుక్క తప్ప ఇంకేదీ చెదరలేదు. తీగ లాగి చూసిన జాడే లేదు. బెత్తెడని చెప్పాడు కదా, ఆ మాట ఎక్కడిదా అని ఆవిడకి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఏటా పాఠంలో నాలుగు వేళ్ళు పైకెత్తి చూపించేది తనే. తను అమ్మిన సరుకే చేతులు మారి, మారి, మళ్ళీ తన దగ్గరికే వచ్చింది. దాన్నే కబురనుకుని దాచుకుంది.

ఆఖరి ప్లేటు మీద, అంచున ఉన్న చుక్క నుంచి, కంటికి ఆనీ ఆనని పోగొకటి లేచింది. మేడం చెయ్యి కదపలేదు.

"కొలువు," అంది.

కొలబద్ద వంగి, స్కేలు పక్కన పెట్టి, ఒక కన్ను మూసి చూసింది. అబద్ధం చెప్పడం తెలిసుంటే ఆ పిల్ల అప్పుడు చెప్పేది. ఆ మొహం అలా ఉంది.

"గీతన్నా దాటలేదండి. తడండి అది. తీగ కాదు."

పోగు తెగింది. మేడం లూపుని మంటలో పెట్టి, అవసరానికి మించి చాలాసేపు కాల్చింది.

"ఎందుకు పోయిందండీ?" అంది కొలబద్ద.

పాఠం అడిగితే ఆవిడ చెప్పకుండా ఉండలేదు. "ఒంట్లో ఉన్నప్పుడు దానికి ఆ జిగురు కోటు కావాలి. రక్తంలో మన కాపలావాళ్ళు పట్టి మింగకుండా జారిపోవడానికి. ఇక్కడ కాపలా లేదు, కూడు ఊరికే దొరుకుతుంది. కోటు మొయ్యడం బరువు. ఎప్పుడో ఒకటి కోటు విప్పేస్తుంది. బరువు లేనిది గబగబా పెరుగుతుంది. మోసేవి వెనకబడతాయి. నెలనెలా కొత్త గొట్టంలోకి ఎత్తేటప్పుడు ఎక్కువున్నవే లూపుకి అంటుకుంటాయి." లూపుని స్టాండులో గుచ్చింది. "ఏరినట్టే ఏరాను. నా చేత్తో."

"చలిపెట్టెలో పెట్టుంటేనండీ?"

"ఆ రోజు ఎలా ఉందో అలాగే ఉండేది."

"మరి పెట్టలేదేమండీ?"

మేడం బర్నరు ఆర్పింది. "పెడితే నెలనెలా దానితో నాకు పని ఉండేది కాదు."

కొలబద్ద బల్ల మీదున్న కేసు చీటీ వంక చూసింది, గుమ్మం దగ్గరి ఖాళీ స్టూలు వంక చూసింది. ఆ స్టూలు మీద ఎవరూ ఎందుకు కూర్చోరో సీనియర్లు ఎవరూ చెప్పలేదు. స్కేలు స్పిరిట్ దూదితో తుడిచి జేబులో పెట్టుకుంది.

ఎగ్జామినరు వచ్చాక మేడం ఉన్నదున్నట్టు చెప్పింది. కొలబద్దకి వేసిన మార్కులు దిద్దింది. మిగతావాళ్ళని వరసగా నిలబెట్టి, కొత్త లూపులిచ్చి, ఎవరి ప్లేటు వాళ్ళ చేత లాగించింది. ఎవరికీ ఏమీ రాలేదు. ఫస్టు మార్కుల అబ్బాయి చెమట తుడుచుకుంటూ, "నిన్నైతే వచ్చినట్టే అనిపించింది మేడం," అన్నాడు.

"నాకూ అనిపించిందిరా," అంది మేడం. "కూర్చుని, చూసింది రాయి."

అందరూ వెళ్ళాక టెక్నీషియన్ ఫ్రిజ్ తలుపు తీసి పట్టుకుని అడిగింది. "మేడం, దీన్ని ఇంకా ఉంచమంటారా?"

ఆవిడ గుడ్ల గుంటలోని గొట్టాన్ని చూసింది. లెక్క వేసుకుంది, అలవాటు పోదు కదా. పోయింది తీగ. ఆయన మెచ్చుకున్నది ఆ తీగనే. వచ్చింది ఇన్నేళ్ళపాటు నెలకో పొద్దు. తల దువ్వుకుని, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, దువ్విన తల ఎవరూ చూడకపోయినా ఎవరి దగ్గరికో వెళ్తున్నట్టు మెట్లెక్కిన పొద్దు. చలిపెట్టె మూత తెరిచి ఆ కుర్ర డాక్టరు మళ్ళీ అడిగితే ఏమంటుంది? లాభనష్టాలు ఎటు తిప్పి చూసినా జవాబు ఒకటే వచ్చింది. అది సరైన బేరమని కాదు. ఇంకో బేరం ఆవిడ చేత కాదు.

"ఉంచు," అంది.

తర్వాతి పొద్దున ఆడపడుచు వచ్చింది, కొట్టు కుర్రాడికి అప్పజెప్పి. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మం దగ్గర ఆ స్టూలు మీదే కూర్చుంది. మేడం గొట్టం తెచ్చి వెలుతురుకి పట్టి చూపించింది. ఆడపడుచు చేతులు వెనక్కి కట్టుకుని ముందుకి వంగింది.

"ఇంతేనా?"

"ఇంతే."

"చిక్కిపోయింది పాపం," అంది ఆడపడుచు. ఇద్దరూ నవ్వారు. నవ్వు ఇద్దరికీ సగంలోనే ఆగింది.

కొత్త బ్యాచి వచ్చింది. షావుకారు కేసు చీటీ అదే. పరీక్షలో మేడం ఈసారి ఆ చివర కుర్చీలో కూర్చోలేదు. బల్ల పక్కన నిలబడింది. ఒకమ్మాయి ప్లేటు చూడకుండానే 'తీగ' అని రాసి, మేడం నీడ కాగితం మీద పడేసరికి పెన్ను ఆపింది.

"సీనియర్లు చెప్పారండి," అంది చిన్నగా.

"లాగి చూసి రాయమ్మా."

ఆ పిల్ల లూపు కాల్చింది, చల్లార్చింది, చుక్కకి ఆనించి మెల్లిగా ఎత్తింది. ఏం రాదో మేడంకి తెలుసు. ఎగ్జామినరుకిచ్చే జవాబు కాగితంలో 'తీగ రాదు' అని తన చేత్తోనే రాసి పెట్టింది. లూపు ఖాళీగానే పైకి వచ్చి, బర్నరు వైపు తిరిగిపోయింది.

మేడం చూపు మాత్రం ప్లేటు మీద నుంచి లేచి, బెత్తెడు ఎత్తున, ఏమీ లేనిచోట కాసేపు ఆగింది.